పెద్దోడి పేరు మీద రిపోర్టు

పొద్దున్నే వంటింట్లో రెండు పళ్ళాలు సర్దుతోంది తల్లి. పెద్దోడి పళ్ళెంలో నూనె చుక్క తగలని ఉడికిన కూరముక్కలు, రెండు ఎండు రొట్టెలు, అంచు మీద చిన్న తెల్ల మాత్ర. చిన్నోడి పళ్ళెంలో వెన్నలో వేయించిన మూడు గుడ్లు.

"అన్నయ్యకి గడ్డి, నాకు గుడ్లు. జనం చూస్తే నిన్ను వాడి సవతి తల్లంటారే," అన్నాడు చిన్నోడు కుర్చీ లాక్కుంటూ.

"నోరు మూసుకుని తిను. వాడి కొలెస్ట్రాల్ ఎంతో తెలుసా? నీకేంరా, గుండ్రాయివి."

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ఆవిడ కీడెంచడం దగ్గరే ఆగిపోతుంది. మేలు దాకా వెళ్ళే తీరిక ఏనాడూ దొరకలేదు. పెద్దోడు ఇనుప సామాన్ల యార్డులో అరవై అడుగుల ఎత్తున, అద్దాల గదిలో కూర్చుని క్రేన్ నడుపుతాడు. గాలి కాస్త గట్టిగా వీచిందంటే ఇంట్లో ఆవిడ చేస్తున్న పని వదిలేసి గుమ్మంలోకొచ్చి నిలబడుతుంది. చిన్నోడు సిగరెట్ కాలిస్తే తిట్టేది కూడా నిప్పురవ్వ పడి పరుపు అంటుకుంటుందనే.

పెద్దోడు తమ్ముడి వైపు చూడకుండా మాత్ర మింగి, సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. నలభై నిండినా పెళ్ళి మాట ఎత్తితే చాలు, క్రేన్ ఎక్కినట్టే మాయమవుతాడు.

చిన్నోడు మాత్రం రెండు గుడ్లు తిని మూడోది వదిలేశాడు. "పొద్దుట్నించీ దవడ లాగుతోందమ్మా," అన్నాడు నుదుటి చెమట తుడుచుకుంటూ.

"పన్ను పుచ్చిందేమో. సాయంత్రం చూపించుకో."

పదకొండింటికి, చిన్నోడి తాళాల కొట్టు పక్కనే వాచీలు బాగుచేసే ఆయన ఫోన్ చేశాడు. మంచమంతైనా లేని ఆ కొట్లో, తాళంచెవులు కోసే మిషను మీదకి చిన్నోడు ఒరిగిపోయాడట. కారు మాట్లాడి ఆయనే ఆస్పత్రికి తీసుకొచ్చాడట.

తల్లీ, చిన్నోడి భార్యా వెళ్ళేసరికి వాణ్ణి లోపలికి తోసుకుపోతున్నారు. చేతి దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం గుండె దాకా పంపి, మూసుకుపోయిన చోట స్టెంట్ వేయాలన్నారు. కోడలు ఎక్కడ చూపిస్తే అక్కడ సంతకం పెట్టింది. వెనకే నర్సు అట్ట మీద కాగితం పెట్టుకుని వచ్చింది.

"సిగరెట్లు తాగుతారా?"

"తాగుతారు. ఇంట్లో అయితే పది. కొట్లో ఎన్నో ఆ తాళాలకే తెలియాలి," అంది కోడలు.

"ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెపోటు వచ్చిందా?"

"వాళ్ళ నాన్న నలభై ఆరేళ్ళకి నిద్రలోనే పోయారమ్మా," అంది తల్లి. "అలిసిపోయి పడుకున్నారనుకున్నాం."

నర్సు రాసుకుంది. "షుగరు, బీపీ, కొలెస్ట్రాల్? ఎప్పుడైనా రక్త పరీక్ష చేయించారా?"

"లేదండీ. ఆయన జ్వరం కూడా ఎరగరు. పరీక్షలెందుకు చేయిస్తాం?"

చేయించాం. అనబోయి ఆగింది తల్లి. వెళ్ళి బెంచీ మీద కూర్చుంది. ఏడాదిగా తన కళ్ళ ముందే ఉన్నది అప్పుడు కనబడింది ఆవిడకి.

రెండేళ్ళ కిందట యార్డు వాళ్ళు క్రేన్ నడిపేవాళ్ళందరికీ ఏటా రక్త పరీక్ష తప్పదన్నారు. పెద్దోడికి అప్పటికే ఎంత తాగినా తీరని దాహం, రాత్రి నాలుగుసార్లు లేవడం. షుగరని తేలితే క్రేన్ మీంచి దింపేస్తారు, కింద ఇనుము మోయిస్తారు. ఆవిడే ఉపాయం చెప్పింది. "తమ్ముణ్ణి పంపరా. వాడు గుండ్రాయి. ల్యాబులో నీ మొహం ఎవరికి తెలుసు?" చిన్నోడు నవ్వుతూ వెళ్ళి, అన్న పేరు చెప్పి, చెయ్యి చాపి వచ్చాడు. మరుసటి ఏడూ వాడే వెళ్ళాడు.

మొదటేడు షుగరొక్కటే చూశారు. రెండోసారి షుగరు బాగానే ఉంది కానీ, కొలెస్ట్రాల్ పక్కన ఎర్ర గుర్తు పడింది. మూడొందల పది. క్రేన్ నడపడానికి అడ్డు లేదుగానీ మందు మానొద్దని యార్డు డాక్టరు మాత్రలు రాసిచ్చాడు. తల్లి ఏడో తరగతి దాకా చదివిన మనిషి, కాగితం తనే చదువుకుంది. పైన పెద్దోడి పేరుంది. ఆ రోజు నుంచీ పెద్దోడికి నూనె బంద్. మిగిలిన వెన్నంతా ఆ రక్తం ఎవరిదో వాడి పళ్ళెంలోనే వేసింది.

గంటన్నర తర్వాత డాక్టరమ్మ బయటికొచ్చింది. పెద్దోడు అప్పటికే యార్డు బట్టల్లోనే పరుగెత్తుకొచ్చి ఉన్నాడు.

"రెండు చోట్ల స్టెంట్ వేశాం. ప్రాణానికి ప్రస్తుతం ఫర్వాలేదు. కానీ ఆలస్యమైంది. గుండె కండరంలో కొంత భాగం చచ్చిపోయింది. అది తిరిగి రాదు. ఇక బరువులెత్తడం, మెట్లెక్కడం మునుపటిలా కుదరదు."

కోడలు చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆయన కొలెస్ట్రాల్ చాలా ఎక్కువగా ఉంది. పైగా సిగరెట్లు, తండ్రి చరిత్ర. ఇది నిన్న మొన్న వచ్చింది కాదు. ఏడాది ముందు తెలిసి మందు వాడుంటే ఇంతవరకు వచ్చేది కాదేమో. పాత రిపోర్టు ఏదైనా ఉంటే చెప్పండి. ఎప్పటినుంచి ఇలా ఉందో తెలిస్తే, ఇది వంశంలో ఉందో లేదో తేల్చుకోవచ్చు. ఆయనకి పిల్లలున్నారా?"

"ఎనిమిదేళ్ళ పాప," అంది కోడలు.

తల్లి పెద్దోడి వైపు చూసింది. వాడు తల అడ్డంగా ఊపాడు, ఎవరికీ కనబడనంత చిన్నగా. చెబితే వాడి క్రేన్ పోతుంది. కేసు కూడా పెడతారేమో. మంచాన పడ్డవాడి ఇల్లు కూడా ఇక ఆ జీతం మీదే నడవాలి. చెప్పకపోతే ఏమవుతుంది? అయ్యేది అయిపోయింది కదా?

"పాప," అంది ఆవిడ పైకే. తర్వాత నిలబడింది. "రిపోర్టు ఉందమ్మా. పోయినేడాదిది. మూడొందల పది. రక్తం చిన్నోడిది, పేరు వీడిది."

"అమ్మా!" అన్నాడు పెద్దోడు.

"నేనే పంపాను. వీడికి షుగరుందేమోనన్న భయంతో."

డాక్టరమ్మ ఆ అంకె రాసుకుంది. "పాపకి పరీక్ష చేయిద్దాం," అంది నెమ్మదిగా. "మీ పెద్దబ్బాయికీ. అసలు ఆయన రక్తం ఎవరూ చూడనే లేదన్నమాట. రేపు పరగడుపున రమ్మనండి." ఇంకేమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయింది. అదే తల్లికి తిట్టినట్టయింది.

కోడలు బావగారి ఎదురుగా వచ్చి నిలబడింది. పెళ్ళయి పదేళ్ళయినా ఆయన ముందు గొంతెత్తని పిల్ల.

"రోజూ పొద్దున్నే మీరు మింగుతున్నది మా ఆయన మాత్ర, బావగారూ."

పెద్దోడు పక్కకి జరగబోతే కోడలు అడ్డం వచ్చింది.

"నాకైతే తెలియదు. అత్తయ్యకి తట్టలేదనుకుందాం, సరే. మీకు? రక్తం మీది కాదని మీకు తెలుసుగా?"

"తెలుసు," అన్నాడు పెద్దోడు. "కాగితం చేతికొచ్చిన రోజే తెలుసు. తమ్ముడికి చెబితే వచ్చే ఏడు రానంటాడని..."

"మరి మాత్రెందుకు వేసుకున్నావురా?" అంది తల్లి.

"వేసుకోకపోతే నువ్వు ఎందుకని అడుగుతావు కదమ్మా."

ఆవిడ చెయ్యి లేచింది. కొట్టడానికే లేచింది. వాడు మొహం తిప్పుకోలేదు, కొట్టమన్నట్టే నిలబడ్డాడు. ఆ చెయ్యి వెనక్కొచ్చి తన నెత్తి మీదే పడింది. "నా నోరే నా బిడ్డని మింగింది," అంటూ నేల మీద కూర్చుని ఏడ్చింది. దారిన పోయేవాళ్ళు తప్పుకుని వెళ్తున్నారు. చాలాసేపు ఎవరూ ఆవిడని లేపలేదు. చివరికి కోడలే వచ్చి చంక కింద చెయ్యి వేసి లేపింది. ఓదార్చలేదు. "లేవండి. లోపలికి ఒక్కరినే రమ్మంటున్నారు. ఆయన మిమ్మల్నే అడుగుతున్నారట," అని మాత్రం అంది.

చిన్నోడు తెల్లటి దుప్పటి కింద సగం మనిషైపోయి ఉన్నాడు. పైన తెర మీద పచ్చటి గీత ఎగిరెగిరి పడుతోంది. ఆ గీత ఎక్కడ ఆగిపోతుందోనని ఆవిడ దాని మీంచి చూపు తిప్పకుండానే, లోపలికి వస్తూ కూర్చుకున్న మాటలన్నీ మర్చిపోయి, జరిగింది జరిగినట్టు చెప్పేసింది. వాడు కళ్ళు మూసుకుని విన్నాడు. కంటి కొసల్లోంచి నీళ్ళు చెవుల మీదికి కారాయి. తర్వాత మొహం అటు తిప్పుకున్నాడు.

ఆవిడ కదల్లేదు. వెళ్ళిపొమ్మంటే వెళ్ళిపోదామనుకుంది.

"ఏడాదిగా నేనూ వింటూనే ఉన్నానమ్మా, కొలెస్ట్రాల్, కొలెస్ట్రాల్ అని," అన్నాడు అటు తిరిగే. "నేనూ వాడిదే అనుకున్నా. కాగితం మీద వాడి పేరుంది కదా. పాపం, గడ్డి తింటున్నాడని నవ్వాను కూడా."

"నన్ను తిట్టరా నాయనా."

"ఓపిక లేదు. తర్వాత తిడతాలే." ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. "అన్నయ్య ఎక్కడ?"

"బయట. మొహం చూపించలేక గోడకేసి తిరిగి నిలబడ్డాడు. రేపు పొద్దున రక్తం తీస్తారట వాడికి."

చిన్నోడు ఇటు తిరిగాడు. సూదులు గుచ్చిన చెయ్యి దుప్పటి మీద పాకించి తల్లి వేలు పట్టుకున్నాడు.

"నువ్వే దగ్గరుండి తీసుకెళ్ళమ్మా. ఈసారి నేను రాలేనని చెప్పు వాడికి."