ఎడమ జేబులో రాయి

అంపైరు పనిలో నాకు తెలిసిన కిటుకు ఒక్కటే. కోటు ఎడమ జేబులో ఆరు గులకరాళ్లు వేసుకోవాలి. బంతి పడినప్పుడల్లా ఒక రాయి కుడి జేబులోకి మార్చాలి. ఎడమ జేబు ఖాళీ అయితే ఓవర్ అయిపోయినట్టు. ఇంగ్లండ్‌లోని డెవన్‌లో మా స్కూలు మైదానంలో పాతికేళ్లు గడ్డి కోశాను, రోలర్ లాగాను, అంపైరుగా నిలబడ్డాను. మేజర్ లస్కోంబ్ పోయిన రోజు తప్ప ఎన్నడూ ఓవర్ సగంలో వదిలెయ్యలేదు.

ఆయన మా లెక్కల మాస్టారు. కుర్రతనంలో కౌంటీ క్రికెట్ జట్టుకి ఆడాడు, పైసా పుచ్చుకోకుండా. తర్వాత ఫ్రాన్స్‌లో యుద్ధం. వెనక్కి రమ్మని కబురు రాలేదని పదకొండుమంది సిపాయిలను కందకంలోనే ఉంచేశాడు. బయటికొచ్చింది ఆయనొక్కడే. క్లాసులోనూ అదే వరస, ఆయన ‘చాలు’ అనేదాకా బెంచీ మీంచి లేచే దమ్ము ఎవడికీ లేదు.

పోయిన సెప్టెంబరులో ఊరివాళ్లతో మ్యాచ్. ఏడుకు పది నిమిషాలుండగా, బ్యాటు పట్టుకుని నిలబడ్డ మేజర్ అలాగే కూలిపోయాడు. మోసుకెళ్లాం. ఆ గాభరాలో నేను వికెట్ల మీది బెయిల్స్ తీయలేదు, ‘టైమ్’ అని చెప్పలేదు. అంపైరు ఆ రెండూ చేస్తేగానీ ఆట ముగిసినట్టు కాదు. కోటు పెవిలియన్‌లో కొక్కేనికి తగిలించి ఇంటికి పోయాను.

చలికాలమంతా అది అక్కడే వేలాడింది.

మే నెలలో, మొదటి మ్యాచ్‌కి ముందురోజు సాయంత్రం, గీతలకు సున్నం వేసి వికెట్లు పాతి చూశాను. గాలి చల్లగా ఉందని ఆ కోటు తొడుక్కున్నాను. ‘ఏడింటికల్లా రా, సూప్ చల్లారితే నన్ననకు’ అని మా ఆవిడ విన్నీ ముందే చెప్పింది. ఎండ ఇంకా పోలేదు. గేటువైపు నడిచాను.

ఎంత నడిచినా గేటు దగ్గరికి రాలేదు.

వయసు మీద పడింది, కాళ్లు ఈడుస్తున్నానేమో అనుకున్నాను. కాస్త జోరు పెంచాను. ఆయాసం వచ్చి ఆగి చూస్తే, వికెట్ల దగ్గరే ఉన్నాను. నా బూట్ల కింద నేనే వేసిన సున్నం. పెవిలియన్ గడియారం ఏడుకు పది చూపిస్తోంది.

జేబుల్లో చేతులు పెట్టాను. కుడివైపు నాలుగు రాళ్లు. ఎడమవైపు రెండు...

పది రోజులుగా వాన లేదు. అయినా తడి మట్టి వాసన. మైదానం చుట్టూ మనుషులు నిలబడి ఉన్నారు. మోకాళ్లదాకా బురద. పదకొండుమంది.

“పాస్కో,” అన్నాడు మేజర్, అవతలి గీత దగ్గర్నుంచి. చాలా మెల్లగా. “ఇంకా రెండు బంతులున్నాయి కదూ?”

“మేజర్ గారూ... నన్ను ఇంటికి పోనివ్వండి. విన్నీ ఎదురు చూస్తుంటుంది.”

“నిన్ను పట్టుకున్నది నేను కాదయ్యా. ఓవర్ కానిదే ఇక్కణ్ణుంచి ఎవరం కదల్లేం.”

చుట్టూ నిలబడ్డవాళ్లలో ఒకడు తగ్గాడు. నా వెనక బూట్ల చప్పుడు. దూరం నుంచి. దగ్గరికి... నా భుజం పక్కనుంచి చల్లగా ఏదో దాటింది. బ్యాటు టక్కుమంది. ఒక రాయి మార్చాను.

“అవుటైతే ఏమవుతుందండీ?” అని అడిగాను.

“వాళ్లతో వెళ్లాలి.” ఆయన మీసం అదురుతోంది. నలభై మంది పిల్లల్ని ఒక్క చూపుతో కూర్చోబెట్టిన మనిషి. “నాకు భయంగా ఉంది, పాస్కో.”

మళ్లీ బూట్లు. ఈసారి వాసనే ముందొచ్చింది.

మధ్య స్టంపు ఎగిరిపోయింది.

ఎవరూ అరవలేదు. పదకొండుమందీ ఒక్క అడుగు ముందుకేశారు. మేజర్ నా వైపు చూశాడు. ఆ చూపు తట్టుకోలేకపోయాను.

“నో బాల్,” అన్నాను.

అబద్ధం. బౌలరు కాలు గీత దాటితేనే నోబాల్, దానికి అవుట్ ఉండదు; నేనసలు గీత వైపే చూడలేదు. మేజర్ కళ్లు మూసుకున్నాడు. పదకొండు తలలూ నా వైపు తిరిగాయి. ఆఖరి రాయి కూడా కుడి జేబులో పడేసి, నా వైపు బెయిల్స్ లాగేసి, “టైమ్” అని గొణిగి పరుగెత్తాను. ఈసారి గేటు వచ్చింది.

ఇంట్లో బల్ల మీద సూప్ పొగలు కక్కుతోంది.

“తొందరగానే వచ్చావే,” అంది విన్నీ. “ముందు ఆ కోటు ఇలా తే, కంపు కొడుతోంది.” జేబులు బల్ల మీద గుమ్మరించింది. “కుడివైపు అయిదు. ఎడమవైపు ఒకటి. దీనికొక్కదానికే ఈ బురదేమిటయ్యా?”

నోబాల్ లెక్కలోకి రాదు. దానికి బదులు ఇంకో బంతి వెయ్యాలి. నాకు తెలియందా...

గోడ గడియారం ఏడుకు పది చూపిస్తోంది.

విన్నీ కిటికీ తెర పక్కకు లాగింది. “మన తోట చుట్టూ ఎవరయ్యా వాళ్లంతా?” వేలితో లెక్కపెట్టింది. “పదిమంది.”

పదకొండోవాడి బూట్ల చప్పుడు నా వెనక, గోడ అవతల, ఎక్కడో దూరంగా మొదలైంది. వస్తూనే ఉంది. సూప్ మీద పొగ ఇంకా లేస్తూనే ఉంది.