పదమూడున్నర సెంటీమీటర్ల మణికట్టు

"ఈవిడ పదకొండింటికి నీ కౌంటర్ దగ్గరికి వాచీ కొనడానికొస్తుంది," అన్నాడు పెద్దాయన, టేబుల్ మీద ఫోటో ముందుకు తోస్తూ. "కొన్నాక బతికి బయటికెళ్ళాలా వద్దా అన్నది నువ్వు తేల్చాలి."

ఏజెంట్ ఇరవైఏడు ఫోటో చేతిలోకి తీసుకున్నాడు. నల్లకళ్ళద్దాలు, మెడలో ముత్యాలు, మోచేతుల దాకా గ్లవుజులు. ఇలాంటి మనిషి రోడ్డు దాటుతుంటే ట్రాఫిక్ కానిస్టేబుల్ కూడా విజిల్ ఊదడం మర్చిపోతాడు. ఆఫీసు ఫైళ్ళలో ఆమె పేరు నెమలి. విదేశీ ముఠాకి కొరియర్. రెండేళ్ళుగా ఇటువైపు జీతం కూడా తీసుకుంటున్న డబుల్ ఏజెంట్.

"ఇప్పుడేం తేడా వచ్చింది సార్?"

"మనల్ని అమ్మేసిందని నిన్న కబురందింది. నీ షాపు ఎదురుగా ఉన్న హాల్లో పదకొండున్నరకి ఏడు దేశాలవాళ్ళు సంతకాలు పెడుతున్నారు. లోపల నాలుగొందల మంది ఉంటారు. ముఠా అక్కడ ఏదో తలపెట్టింది. అదేంటో ఈవిడకి తెలుసు. చెప్పిందా, సరే. నసిగిందా..." పెద్దాయన డ్రాయరు లాగి ఓ పెన్ను తీశాడు. "మూత తిప్పు. గుచ్చు. మూడు సెకన్లు."

"గుర్తుమాట?"

"నా మణికట్టుకి సరిపోయే వాచీ ఉందా అంటుంది. కొలవందే చెప్పలేనండీ అను."

మారువేషం కోసం స్టోరు గుమాస్తా ఒక మీసం ఇచ్చాడు. అది పెదవి మీద నుంచి బుగ్గల దాకా పాకింది.

"చిన్నది లేదా?"

"మీసాలకి సైజులేంటి గురూ? ఉన్నదొకటే," అన్నాడు గుమాస్తా, రిజిస్టర్‌లోంచి తలెత్తకుండా.

ఈ ఆఫీసులో అన్నీ ఒకే సైజు. బాధ్యత మాత్రం ఎవరికీ సరిపోదు. ఇరవైఏడు ఈ మాట మూడేళ్ళుగా అందరితో అంటున్నాడు. భార్యతో కూడా అన్నాడు. అనడానికో కారణం ఉంది.

మూడేళ్ళ క్రితం అతని పార్ట్‌నర్ సొంత బావమరిదే. పుల్లలాంటి చేతులు. ఏజెంట్ల నాడిని పార్ట్‌నర్ తెర మీద చూపించే వాచీలు అప్పుడే కొత్తగా వచ్చాయి. స్టోరులో నలభై మిల్లీమీటర్లవి ఉన్నాయి, నలభైఆరువి ఉన్నాయి. కుర్రాడు చిన్నదాని మీద చెయ్యి వేశాడు. "ఒరేయ్, పెద్దది తీసుకో. బ్యాటరీ రెండు రోజులొస్తుంది," అన్నాడు ఇరవైఏడు. బావ మాటకి బావమరిది ఎదురు చెప్పలేదు.

వారం తర్వాత రేవు దగ్గర గోదాముల్లో పని పడింది. ఇరవైఏడు పడవలో కూర్చుని తెర చూస్తున్నాడు. డెబ్బైనాలుగు. డెబ్బైతొమ్మిది. తర్వాత సున్నా. తొంభై సెకన్లు సున్నా ఉంటే పార్ట్‌నర్ పోయినట్టే లెక్క, వెనక్కి వచ్చేయాలి. అది రూల్. అతను తొంభై లెక్కపెట్టాడు. పడవ తిప్పమన్నాడు.

శవం నాలుగో రోజున దొరికింది. ప్రాణం పోయి రెండు రోజులే అయిందన్నాడు డాక్టరు. చేతి ఎముక కిందికి జారిపోయిన వాచీకి నాడి అందలేదు, అంతే. మనిషి మాత్రం ఆ గోదాములో ఇంకో రెండు రోజులు బావ కోసం ఎదురుచూశాడు.

ఇంట్లో "ఆఫీసువాళ్ళిచ్చిన సైజు" అని చెప్పాడు. ఎంక్వైరీ అయ్యాక వాచీ ఇంటికొచ్చింది. అతని భార్య ఒక తువ్వాలు చుట్టచుట్టి, దానికి తమ్ముడి వాచీ తొడిగి, అలమరలో పెట్టింది. రోజూ ఛార్జింగ్ పెడుతుంది. ఓ ఉదయం అతన్ని పిలిచి చూపించింది. తువ్వాలు మీద వాచీ అరవైఎనిమిది చూపిస్తోంది.

"అది గుండె కాదే," అన్నాడతను. "లోపలి నుంచి పచ్చలైటు కొడుతుంది. గుడ్డ మీద పడి తిరిగొస్తే మెషీను ఏదో అంకె ఊహించుకుంటుంది."

"బతికున్నవాడు పోయాడని మెషీను చెబితే నమ్మారు. ఇప్పుడు బతికున్నాడంటే నమ్మడానికేం?" అని ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి అతను ఆ అలమర తలుపు తెరవలేదు. తెరవకపోయినా అంకె కనిపిస్తూనే ఉంటుంది, స్నానం చేస్తున్నప్పుడూ, షేవింగ్ చేసుకుంటున్నప్పుడూ. అరవైఎనిమిది. అరవైఎనిమిది.

ఫీల్డ్ డ్యూటీ నుంచి తప్పించి అతన్ని ఈ వాచీల షాపులో కవర్‌గా కూర్చోబెట్టారు. అతను మాత్రం దొంగవేషంలా కాక నిజం పనిలాగే చేశాడు. వచ్చినవాళ్ళందరికీ కాగితపు పట్టీతో చెయ్యి కొలవందే వాచీ అమ్మడు.

ఆవేళ పదిన్నరకి గడకర్ర లాంటి మనిషి ఒకాయన వచ్చాడు.

"ఏమండీ, దీనికంటే పెద్దది లేదా?"

"దీనికంటే పెద్దది గోడకి తగిలిస్తారండీ."

"అదేంటి, నా డబ్బు, నా చెయ్యి!"

"చెయ్యి మీదే. అదీ ఒప్పుకోవద్దూ? ఇటు చూడండి. చుట్టుకొలతొక్కటే కాదు, మణికట్టు పైన బల్లపరుపు జాగా ఎంతుందో చూడాలి. పట్టీ తగిలే కొమ్ములు చేతి అంచు దాటి రాకూడదు. వెనక అద్దం ఒంటికి అంటుకోవాలి. పట్టీ కింద ఒక వేలు దూరితే చాలు. మూడు వేళ్ళు దూరాయంటే దానికి మీ నాడి దొరకదు."

"దొరక్కపోతే?"

"మీరు పోయారనుకుంటుంది."

ఆయన పడీపడీ నవ్వి నలభైరెండుది కొనుక్కుని వెళ్ళాడు. ఇరవైఏడు నవ్వలేదు.

సరిగ్గా పదకొండింటికి తలుపు తెరుచుకుంది. ముందు సెంటు వాసన వచ్చింది, తర్వాత నెమలి వచ్చింది. ఫోటోలో ఉన్నట్టే ఉంది, ఒక్క తేడా తప్ప. కుడిచేత్తో ఎడమ మణికట్టుని నాటువైద్యుడు నాడి చూసినట్టు పట్టుకుని ఉంది.

"నా మణికట్టుకి సరిపోయే వాచీ ఉందా?"

"కొలవందే చెప్పలేనండీ."

"అయితే త్వరగా కొలవండి. చెయ్యి తిమ్మిరెక్కి చస్తున్నాను."

గుర్తుమాటలో ఆ చివరిది లేదు. ఇరవైఏడు వేలు జేబులోని పెన్ను మూత మీదికి వెళ్ళింది.

ఆమె గ్లవుజు కిందికి లాగింది. లోపల నలభైఆరు మిల్లీమీటర్ల నల్లటి వాచీ, ఉక్కు పట్టీ, పట్టీకి సీలు వేసిన తాళం. అటూ ఇటూ కొమ్ములు చేతి అంచు దాటి, పసిపిల్ల నెత్తిన పెట్టిన తాత తలపాగాలా వేలాడుతోంది. అతనికి ఒక్క క్షణం కౌంటర్ అవతల నిలబడింది ఆమె కాదనిపించింది. అదే పుల్లలాంటి చెయ్యి.

"నవ్వుతూ వినండి," అందామె. "బయట బూడిదరంగు కోటువాడు చూస్తున్నాడు. నేను మీ మనిషినని ముఠాకి తెలిసిపోయింది. నిన్న సాయంత్రం ఇది తొడిగారు. నా నాడి ఆగితే ఎదురు హాల్లో బాంబు పేలుతుంది. నేను మిమ్మల్ని అమ్మేశానని మీకు కబురు పంపింది కూడా వాళ్ళే."

"అంటే, మేమే మిమ్మల్ని చంపాలని."

"మీ చేత్తోనే పేలాలని. పదకొండున్నర దాకా మీరు చంపకపోతే, పేల్చడానికి వాడి జేబులో మీట ఉంది."

జేబులో పెన్ను నిప్పుకణికలా తగిలింది.

"మరి చెయ్యెందుకలా పట్టుకున్నారు?"

"వదులు కదా! పొద్దుటినుంచి నాలుగుసార్లు జారి ఎర్రలైటు వెలిగింది. వెలిగితే ముప్ఫై సెకన్లే టైము. నాడి యాభైకీ వందకీ మధ్య ఉండాలి. వంద దాటినా ఎరుపే, నేను పరిగెత్తకుండా. అదిమి పట్టుకుని, దేవకన్యలా నిదానంగా నడుచుకుంటూ వచ్చాను."

"ఇంత చేసినవాళ్ళకి మీ చెయ్యి కొలవాలని తోచలేదా?"

"స్టోరులో ఒకటే సైజు ఉందన్నారు."

"వాళ్ళ గుమాస్తా మా గుమాస్తాకి తమ్ముడై ఉంటాడు."

ఆమె నిజంగానే నవ్వింది. వాచీ ఎనభైఒకటి చూపించింది.

అతను కాగితపు పట్టీ చుట్టాడు. పదమూడున్నర సెంటీమీటర్లు. చెవిలో దాచిన బుల్లి స్పీకర్లో పెద్దాయన గొంతు గరగరలాడింది. "ఇరవైఏడు, పది నిమిషాలైంది. ఏంటి గుసగుసలు? తేడాగా ఉంది. పెన్ను తియ్యి."

డబ్బా వెతుకుతున్నట్టు కౌంటర్ కిందికి వంగి, విన్నదంతా నాలుగు ముక్కల్లో చెప్పాడు.

"కథలు చెబుతోందయ్యా! పెన్ను తియ్యి, ఇది ఆర్డర్."

"మూడేళ్ళ క్రితం తొంభై సెకన్ల ఆర్డర్ పాటించాను సార్. ఈసారి చెయ్యి కొలిచి చెబుతున్నాను. ఆవిడని చంపితే నాలుగొందల మందిని మనమే చంపినట్టు. కోటువాడి చెయ్యి జేబులో మీట నొక్కకుండా చూడండి. హాల్లోకి బాంబ్ స్క్వాడ్‌ని పంపండి."

చెవిలో ఇంకో ఫోన్ డయల్ చేస్తున్న చప్పుడు. తర్వాత పెద్దాయన ఒకే మాట అన్నాడు. "సరే."

ఇరవైఏడు లేచి, కాగితపు పట్టీని నాలుగు మడతలు పెట్టి ఆమె మణికట్టు అడుగున ఉక్కుకీ ఒంటికీ మధ్య దూర్చాడు. వాచీ అద్దం చర్మానికి అతుక్కుంది. ఎనభైమూడు. ఆమె కుడిచెయ్యి వదిలి వేళ్ళు విదిలించుకుంది. "అమ్మయ్య," అంది. అలాంటి ఆడవాళ్ళు అమ్మయ్య అంటారని అతనికి అంతవరకూ తెలీదు.

బయట రోడ్డు ఊడుస్తున్న వేషంలోని ఇద్దరు ఏజెంట్లు చీపుళ్ళు పారేసి కోటువాడి మీద పడ్డారు. మీట ఉన్న చెయ్యి వెనక్కి విరిచారు. రెండో చేతిలో పిస్తోలు ఉంది. ఒకే ఒక్కసారి పేలింది.

షాపు అద్దం భళ్ళున రాలింది. నెమలి భుజం పట్టుకుని కూలింది. మడతపెట్టిన కాగితం ఎగిరిపోయింది. తాళం వేసిన ఉక్కు వలయం ఆ సన్నటి చెయ్యి మీదుగా గాజులా జారి, గాజు పెంకుల్లో పడింది.

ఎర్రలైటు. ముప్ఫై. ఇరవైతొమ్మిది.

ఇరవైఏడు నేలమీదికి దూకి దాన్ని అందుకున్నాడు. తొడుక్కోబోతే బొటనవేలి దగ్గరే ఆగిపోయింది. అద్దాన్ని తన మణికట్టుకి అదిమాడు. అంకె వచ్చింది. నూటముప్ఫైఒకటి. లైటు ఎర్రగానే ఉంది. ఇరవై. పంతొమ్మిది.

"నాకు పెట్టండి," అంది నెమలి, పళ్ళబిగువున. ఆమె మెడకి అదిమాడు. నూటనలభైరెండు. పదమూడు.

వీధి మొత్తం మీద, ఆ క్షణంలో వందలోపు కొట్టుకునే గుండె ఎక్కడుంది? బతికున్నవాళ్ళలో ఎవరికీ ఉండదు.

అతని చెయ్యి దానంతటదే కౌంటర్ మీదికి వెళ్ళింది. వాచీలు తుడిచే పసుపుపచ్చ గుడ్డ. గట్టిగా చుట్టచుట్టాడు, మణికట్టంత మందం వచ్చేదాకా. ఉక్కు వలయంలోకి తోశాడు. తొమ్మిది. పచ్చలైటు వెలిగింది, ఆరింది. ఆరు. అంకె చోట రెండు గీతలు. నాలుగు. ఇంకాస్త బిగించాడు. మూడు.

"రారా," అన్నాడు. ఎవర్ని పిలిచాడో అతనికే తెలీదు. రెండు.

డెబ్బైఒకటి.

ఎర్రలైటు ఆరిపోయింది.

"ఇరవైఏడు! మాట్లాడు!" పెద్దాయన అరుస్తున్నాడు. "బాంబు పేలలేదు. వాచీ ఎవరి నాడి మీద ఉంది?"

"స్క్వాడ్‌ని తొందరపెట్టండి సార్. నేను కదలను."

అంబులెన్సువాళ్ళు నెమలి భుజానికి కట్టు కడుతున్నారు. స్ట్రెచర్ మీద నుంచి ఆమె ఆ గుడ్డచుట్ట వైపూ దాని మీద అంకె వైపూ చూసింది. "ఎవరిదండీ ఆ గుండె?"

"మా బావమరిదిది."

ఆమె వాచీ జారిపోయిన తన చేతిని ఒకసారి చూసుకుని కళ్ళు మూసుకుంది.

స్క్వాడ్‌కి ముప్ఫైఆరు నిమిషాలు పట్టింది. అంతసేపూ అతను పగిలిన అద్దం మధ్య బాసింపట్టు వేసుకుని, గుడ్డచుట్టని పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. డెబ్బైఒకటి. డెబ్బై. డెబ్బైఒకటి. అది పచ్చలైటని తెలుసు. గుడ్డని తెలుసు. అయినా కాసేపటికి దానితో మాట్లాడటం మొదలుపెట్టాడు. రేవు దగ్గర ఎందుకు వెళ్ళిపోయాడో చెప్పాడు. తొంభై దాకా ఎలా లెక్కపెట్టాడో చెప్పాడు. ఎనభైఏడు దగ్గర ఒకసారి ఆగి, మళ్ళీ ఎనభైఎనిమిది అన్నానని కూడా చెప్పాడు. అది ఎంక్వైరీలో కూడా చెప్పలేదు. గుడ్డ తొందరపడలేదు, కోపగించుకోలేదు. డెబ్బైఒకటి.

చివరికి చెవిలో పెద్దాయన గొంతు అలసటగా వినిపించింది. "వేదిక కింద దొరికింది. వైరు తీసేశారు. అందరూ క్షేమం. వాచీ వదిలెయ్యొచ్చు."

వదలడానికి అతనికి ఇంకో అయిదు నిమిషాలు పట్టింది.

మధ్యాహ్నం రెండున్నరకి ఇంటికెళ్ళాడు. భార్య తలుపు తీసి పైనుంచి కిందిదాకా చూసింది.

"ఏంటండీ ఆ మీసం?"

పీకేశాడు. చెప్పులు విప్పకుండానే కుర్చీలో కూలబడ్డాడు.

"నీకో విషయం చెప్పాలి. వాడి వాచీ సైజు ఆఫీసువాళ్ళిచ్చింది కాదు. వాడు చిన్నది తీసుకుంటానన్నాడు. నేనే పెద్దది తొడిగించాను."

ఆమె గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి చేతికిచ్చింది. ఎదురుగా కూర్చుంది.

"తెలుసు."

"ఎలా?"

"ఆ రోజే ఫోన్ చేశాడు. బావ ఏరిచ్చిన వాచీ, చేతికి గాజులా తిరుగుతోందక్కా అని ఒకటే నవ్వు."

"మరి ఒక్కసారన్నా అడగలేదేం?"

"అడిగితే నాకేమొస్తుంది? మీరే చెబుతారేమోనని చూశాను," అందామె. "మూడేళ్ళు చూశాను."

అతను నీళ్ళు తాగలేదు. ఆమె లేచి వెళ్ళలేదు.

ఇరవైరెండేళ్ళ సర్వీసులో ఏజెంట్ ఇరవైఏడు సొంతంగా దాచుకున్న టాప్ సీక్రెట్ అదొక్కటే. అదీ మొదటి రోజునే ఎదుటిపక్షానికి చేరిపోయింది.