నాలుగో మాట

అక్కాచెల్లెళ్లిద్దరికీ ఆ సీరియల్ అంటే పిచ్చి. నక్షత్రాల మధ్య తిరిగే ఓడ కథ అది. అందులో ఎవరు చనిపోయినా, వాళ్ల జ్ఞాపకాలు పోసి ఓ యంత్రం తెల్లారేసరికి అదే మనిషిని మళ్లీ తయారుచేస్తుంది. ఇద్దరూ ఆ సన్నివేశాలను ముక్కలు కోసి, సంగీతానికి అతికించి, వెనక తమ గొంతులు పెట్టి వీడియోలు చేసేవాళ్లు. చేసిన ప్రతిసారీ ఒకటే తగువు.

"జ్ఞాపకాలన్నీ ఉన్నాక ఆ మనిషే కదా!" అనేది చెల్లెలు.

"ఛ! ఆ మనిషి బట్టలేసుకున్న ఇంకెవరోనే," అనేది అక్క.

అక్క పోయి ఎనిమిది నెలలైంది. కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసే చెల్లెలికి ఆ రోజు సెలవు. మధ్యాహ్నం. పొద్దుటినుంచీ ముసురు. గదంతా చెమ్మ పట్టిన గోడల వాసన. హాల్లో అమ్మ కునుకు తీస్తోంది. అక్క గొంతుతో రికార్డయి, ఇంకా వాడకుండా మిగిలినవి మూడంటే మూడు మాటలు. వాటితో చివరి వీడియో కలిపి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినసాగింది.

మొదటి మాట. రెండోది. మూడోది. కళ్లు తుడుచుకుని ఆపబోయింది.

నాలుగోది వినిపించింది.

"చిన్నీ... వచ్చేది నేను కాదే..."

వెనక్కి జరిపి మళ్లీ వింది. అదే గొంతు. ఆసుపత్రిలో ఆఖరి రోజుల్లోలా, ఊపిరందక...

"తలుపు తియ్యనివ్వకు..."

కాలింగ్ బెల్ మోగింది.

హెడ్‌ఫోన్స్ లాగేసి లేచేలోపే గడియ తీసిన చప్పుడు. వెంటనే అమ్మ నవ్వు. ఎనిమిది నెలలుగా ఆ ఇంట్లో వినపడని నవ్వు.

పడుతూ లేస్తూ హాల్లోకి పరుగెత్తింది. తలుపు బార్లా తెరిచి ఉంది. అమ్మ ఒక్కతే.

"ఎవరమ్మా వచ్చింది?"

"ఎవరేంటే? అక్క. తడిసి ముద్దయింది పాపం. నీ గదిలోకే వెళ్లింది, ఎదురు రాలేదూ?"

గదికీ హాలుకీ మధ్య ఉన్నది ఒక్కటే దారి. ఇద్దరు పక్కపక్కన పట్టనంత ఇరుకు.

"అమ్మా... అక్క చచ్చిపోయింది కదమ్మా..."

"ఉష్!" అమ్మ పెదవుల మీద వేలుంచుకుంది. "అలా అనకే. వింటుంది."

గదిలోంచి కీబోర్డు చప్పుడు. టక్... టక్... ఆగిపోయింది.

గుమ్మంలోంచి తొంగి చూసింది. కుర్చీ ఖాళీ. తెర మీద నాలుగో మాట చెరిపేసి ఉంది. దాని చోట ఇంకేదో కొత్త ముక్క. దాన్ని నొక్కింది.

ఈసారి అక్క గొంతు కాదు. తన గొంతే.

"రా అక్కా... లోపలికి రా..."

ఆ మాట తనెప్పుడూ అనలేదు. ఒకవేళ అని ఉన్నా, దాని వెనక సన్నగా వినిపిస్తున్న ఏడుపు మాత్రం ఎక్కడిది? గుండెలవిసేలా అమ్మ ఏడుస్తోంది. చిన్నీ, చిన్నీ అని చెల్లెలి పేరు పెట్టి ఏడుస్తోంది...

హాల్లో మాత్రం, అమ్మ ఇంకా నవ్వుతూనే ఉంది.