బురద మీద చార

బడి వదలగానే చిపేగో, లుయాండో బకెట్లు తీసుకుని జాంబేజీ నది వైపు నడిచారు. దారంతా చిపేగో చూపు నేల మీదే ఉంది.

"ఇదిగో, ఇటు ముళ్ళపంది వెళ్ళింది. దానికి ఒక కాలు కుంటు."

"నీకెలా తెలుసే?"

"ఈ అడుగు చూడు, సగమే పడింది."

లుయాండో మూతి తిప్పింది. "రేపు రంగు పెన్సిళ్ళ డబ్బా నీదేలే!"

ఎవరూ గమనించని సంగతి ఒకటి చూసి రమ్మన్నారు ములేయా మాస్టారు. అన్నిటికంటే మంచి సంగతి చెప్పినవాళ్ళకు ఆ డబ్బా.

రేవు దగ్గర చిపేగో టక్కున ఆగింది. రెల్లు పక్కన తడి బురదలో బరువైన బస్తాను ఈడ్చినట్టు వెడల్పాటి చార. అటూ ఇటూ గోళ్ళ గుంటలు. చార నీళ్ళలోకి దిగింది. అంచులు ఇంకా ఆరలేదు.

మొసలి! ఇక్కడే ఎక్కడో ఉంది.

"ఏం చూస్తున్నావే?" అంది లుయాండో.

ఇప్పుడే చెబితే సాయంత్రానికి ఊరంతా తెలిసిపోతుంది. ఇక రేపు క్లాసులో చెప్పడానికి ఏముంటుంది?

"ఏం లేదు. పైరేవుకు పోదాం పద. అక్కడ నీళ్ళు తేటగా ఉంటాయి."

పొద్దు వాలే వేళకు నది వైపు నుంచి కేకలు వినిపించాయి. గిన్నెలు తోమడానికి ఆ రెల్లు పక్కనే నీళ్ళలోకి దిగిన లుయాండో వాళ్ళమ్మను మొసలి చేయి పట్టి లాగింది. పక్కనున్న ఆడవాళ్ళు బకెట్లతో, రాళ్ళతో దాని ముక్కు మీద బాదితేనే వదిలింది. ఎద్దుల బండి మీద ఆమెను ఆస్పత్రికి తీసుకెళ్ళారు. ప్రాణం దక్కింది. కుడి చేయి మాత్రం మోచేతి దాకా తీసేశారు.

ఆ రాత్రి అవ్వ పెట్టిన ముద్ద చిపేగో ముట్టలేదు.

"నేను చూశానవ్వా," అంది.

"ఏం చూశావు?"

"మొసలి జాడ. చూసీ ఎవరికీ చెప్పలేదు. క్లాసులో చెబుదామని దాచుకున్నా."

అవ్వ తిట్టలేదు. పొయ్యిలో కట్టె వెనక్కి లాగింది.

"ఈ మాట చెప్పాల్సింది నాకు కాదు," అంది.

తెల్లవారాక చిపేగో లుయాండో వాళ్ళ గుమ్మం ముందు నిలబడి అంతా చెప్పింది. లుయాండో కళ్ళు ఏడ్చి ఏడ్చి వాచిపోయి ఉన్నాయి.

"నన్ను పైరేవుకు తీసుకెళ్ళావు. మా అమ్మకు ఒక్క మాట చెప్పలేకపోయావా?"

తలుపు మూసుకుంది.

క్లాసులో మాస్టారు అడిగితే, "నా దగ్గర చెప్పే సంగతేమీ లేదు మాస్టారూ," అంది చిపేగో.

మర్నాటి నుంచి అందరికంటే ముందు ఆమే నది దగ్గరికి వెళ్ళసాగింది. దూరం నుంచే ఒడ్డంతా పరికించి, దారి మొదట్లో నిలబడేది.

"రెల్లు పక్కకు పోవద్దత్తా! చార ఉంది."

"నిన్న నువ్వు మొసలన్నది దుంగే కదే, పిరికిదానా!" అని నవ్వింది ఓ అత్త.

చిపేగో ముఖం ఎర్రబడింది. అయినా దారికి అడ్డం తప్పుకోలేదు. "దుంగైనా సరే అత్తా, పైరేవుకే వెళ్ళండి. అక్కడ లోతు లేదు."

పన్నెండో రోజున లుయాండో వచ్చింది. రెండు చేతుల్లో రెండు బకెట్లు. ఇప్పుడు వాళ్ళమ్మ బకెట్ కూడా ఆమే మోస్తోంది.

చిపేగో రెండడుగులు ముందుకేసింది. "కొత్త చార పడింది. ఇటు రావద్దు, లుయాండో."

లుయాండో ఆమె ముఖం చూడలేదు. అయినా పైరేవు దారి పట్టింది.

వెంట వెళ్ళాలని చిపేగోకు ఎంతగానో అనిపించింది. కానీ మలుపు అవతల రేవుకు వస్తున్నవాళ్ళ మాటలు వినిపించాయి.

"ఆగండి!" అని అటు పరుగెత్తింది.