డేగ తిప్పిన రింగు

"ఆ చక్రం ముట్టుకోకు! నేను సెట్ చేసి పెట్టాను."

డేగ అరుపుకి చెవులపిల్లి ఉలిక్కిపడ్డాడు. మెడలో వేలాడుతున్న నల్ల బైనాక్యులర్ మీద నుంచి చటుక్కున వేలు తీసేశాడు.

డేగ అంటే ఎగిరే డేగ కాదు. ఐదో తరగతి చదివే అమ్మాయి. మలుపులో బస్సు కనిపిస్తే చాలు, దాని నంబరు అందరికంటే ముందు చదివేస్తుందని వీధి పిల్లలు పెట్టిన పేరది. ఆ పేరంటే ఎంత మురిపెమో! ఇంట్లోవాళ్లు అసలు పేరుతో పిలిస్తే ఒక్కోసారి పలకదు కూడా.

చెవులపిల్లి పక్కింటి అబ్బాయి. డేగ క్లాసే. చెవులు కాస్త పెద్దవి, వినికిడి అంతకంటే పెద్దది. కింద వంటింట్లో ఎవరైనా బిస్కెట్ ప్యాకెట్ విప్పితే మేడ మీద వీడికి వినిపిస్తుంది. మాట మాత్రం మహా మెత్తన. నాలుగుసార్లు అడిగితే ఒకసారి పలుకుతాడు.

ఆ ఆదివారం పొద్దున వాళ్లిద్దరినీ, ఎదురింటి కవలల్నీ పార్కుకి తీసుకొచ్చింది డేగ వాళ్ల మేనత్త. ఆవిడ బైనాక్యులర్లు అమ్మే షాపులో పనిచేస్తుంది. పిల్లల కోసమని షాపుకి కొత్తగా రెండు రకాలు వచ్చాయి. ఒకటి నల్లది, ఒకటి ఆకుపచ్చది. అందులో ఏది ఎక్కువ తెప్పించాలో అత్తే తేల్చి చెప్పాలి.

"షాపులో కూర్చుని ఎదురుగోడ చూస్తే ఏం తెలుస్తుంది? ఎండా నీడా ఉన్నచోట, కుదురుగా ఉండని పిట్టని చూడాలి. అప్పుడు బయటపడుతుంది వీటి బండారం," అంది అత్త. "పిల్లలు వాడేవి కాబట్టి పిల్లలే చూసి చెప్పాలి. సూర్యుడి వైపు మాత్రం ఎవరూ తిప్పకండి. కళ్లు పోతాయి."

ఎలా పరీక్ష చేయాలో కూడా చూపించింది. చెవి దగ్గర పెట్టి మెల్లగా ఊపాలి, లోపల ఏదీ గలగలమనకూడదు. ఆకాశం ముందున్న సన్న కొమ్మని చూడాలి, దాని అంచున ఊదారంగు గీత కనిపించకూడదు. దూరంగా ఉన్న బోర్డు మీద అక్షరాలు మధ్యలోనే కాదు, అంచుల్లో కూడా తేటగా ఉండాలి.

రెండూ ముందు డేగ చేతికే వచ్చాయి. రావడం ఏమిటి, లాక్కుంది. మధ్యలో చక్రం తిప్పింది. కుడివైపు కన్ను పెట్టేచోట ఇంకో చిన్న రింగు కనిపిస్తే అదీ తిప్పింది. అటు తిప్పి ఇటు తిప్పి, చివరికి బొమ్మ అద్దంలా తేటగా వచ్చాక "ఆహా!" అంది. రెండో దాన్నీ అలాగే సిద్ధం చేసి, ఒకటి చెవులపిల్లికి, ఒకటి ఎదురింటి కవలలకి ఇచ్చింది.

"అంతా రెడీ చేశాను. మీరు చూడ్డమే," అంది, పెద్ద ఇంజనీరులా.

అత్త బెంచీ మీద కూర్చుని లెన్సులు తుడిచే గుడ్డలు మడతపెడుతోంది. ఇంతలో చెవులపిల్లి తల పక్కకి వంచాడు.

"అదిగో," అన్నాడు మెల్లగా.

ఒక్క క్షణం తర్వాత మిగతావాళ్లకీ వినిపించింది. టకటకటకటక!

వడ్రంగి పిట్ట! చెవులపిల్లి మొహం వెలిగిపోయింది. పార్కుకి వచ్చినప్పుడల్లా ఈ చప్పుడు వినేవాడు. ఎప్పుడూ అందరికంటే ముందు వాడికే వినిపించేది. కానీ ఒక్కసారైనా పిట్ట కంటపడలేదు. రాత్రి నిద్రలో కూడా "ఇవాళ చూస్తాను" అన్నాడని వాళ్లమ్మ నవ్వుతూ చెప్పింది. చేతిలో బైనాక్యులర్ ఉన్న రోజు ఇదొక్కటే. సాయంత్రానికల్లా అది షాపుకి వెళ్లిపోతుంది.

"ఆ ఎండిన చెట్టు మీద! రెండో కొమ్మ కింద!" అంది డేగ, వాడి బైనాక్యులర్‌లో ఒక్క క్షణం చూసి తిరిగిచ్చేస్తూ.

వాడు ఆత్రంగా కళ్లకి పెట్టుకున్నాడు. చెట్టు కనిపించాల్సిన చోట గోధుమరంగు మసక. దాని మీద ఇంకో మసక.

"నాకేం కనబడట్లేదు."

"సరిగ్గా చూడు!"

"చూస్తున్నా. అంతా అలికేసినట్టుంది."

"కళ్లకి గంతలు కట్టుకున్నావా? నాకు దాని ముక్కు కూడా కనిపించింది అందులో. వీళ్లని అడుగు. కనిపించిందా మీకు?"

కవలలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఓ! బ్రహ్మాండంగా!" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

"చూశావా? అంతంత చెవులుంటే సరిపోదురా, కళ్లు కూడా ఉండాలి!" అంది డేగ. కవలలు కిలకిలా నవ్వారు.

చెవులపిల్లి మళ్లీ కళ్లకి పెట్టుకుని, "ఆ... కనిపించింది," అన్నాడు.

"అయితే దాని తల ఏ రంగు?"

"పసుపు... అనుకుంటా."

"పసుపా! ఎర్రగా నిప్పులా ఉంటే పసుపంటాడేంటి వీడు!"

ఈసారి నవ్వులు ఇంకా పెద్దగా వినిపించాయి. వాడు బైనాక్యులర్ మెడలోంచి తీసి డేగ చేతిలో పెట్టి, వెళ్లి రాళ్ల గట్టు మీద అటు తిరిగి కూర్చున్నాడు. పిట్ట కూడా చప్పుడు ఆపేసి ఎటో ఎగిరిపోయింది.

అత్త లేచి వచ్చింది. "ఏమైందే?"

"ఏం లేదత్తా. వాడికి చూడ్డం రాదు."

అత్త ఆ నల్ల బైనాక్యులర్ అందుకుని చూసింది. వెంటనే కళ్ల దగ్గర నుంచి తీసి, కుడివైపు రింగు తడిమింది.

"ఈ రింగు ఇంత చివరికంటా ఎవరు తిప్పారు?"

"నేనే. అప్పుడే కదా బాగా కనిపించేది!"

"నీకు," అంది అత్త. చక్రమూ రింగూ తన కళ్లకి సరిచేసుకుని డేగ చేతికిచ్చింది. "ఇప్పుడు చూడు."

డేగ చూసింది. చెట్టు లేదు. కొమ్మ లేదు. గోధుమరంగు మసక మీద ఇంకో మసక.

"అయ్యో, పాడు చేసేశావత్తా!"

"పాడవలేదు. నాకు చక్కగా కనిపిస్తోంది. ఎవరి కళ్లు వాళ్లవి. అందరికీ రెండు కళ్లూ ఒకేలా ఉండవు కూడా. అందుకే ఈ రింగు. ఎవరికి వాళ్లు తిప్పుకోవాలి." అత్త డేగ మొహంలోకి చూసి నవ్వింది. "పైగా ఇంత తిప్పావంటే నీ కుడి కన్ను ఒకసారి డాక్టరుకి చూపించాలేమో, డేగమ్మా."

డేగ మొహం కందగడ్డలా అయింది. కవలల్లో ఒకడు నేల చూపులు చూస్తూ నసిగాడు. "ఆంటీ... మాకూ మసకే."

"మరి బ్రహ్మాండం అన్నారు?"

"లేదంటే డేగ మమ్మల్ని చూసీ నవ్వుతుందని," అన్నాడు రెండోవాడు.

"బాగుంది! మిమ్మల్ని నమ్ముకుని షాపులో ఏం చెప్పేదాన్ని నేను?" అని అత్త నెత్తి కొట్టుకుంది. కోపం మాత్రం లేదు.

డేగ రాళ్ల గట్టు వైపు చూసింది. చెవులపిల్లి ఇంకా అటే తిరిగి ఉన్నాడు. ఎర్రబడ్డ చెవులు మాత్రం ఇటు కనిపిస్తున్నాయి. వాడు అబద్ధమాడాడు, నిజమే. ఆడించింది ఎవరు మరి?

వెళ్లి వాడి పక్కన కూర్చుంది.

"ఒరేయ్, తప్పు నాది. రింగు నా కంటికి తిప్పేసి, నిన్ను ముట్టుకోనివ్వలేదు. నీకు ఎలా కనిపిస్తుంది? సారీరా."

డేగ బైనాక్యులర్ వాడి ఒళ్లో పెట్టింది.

"కుడి కన్ను మూసుకుని చక్రం తిప్పు. తర్వాత ఎడమ కన్ను మూసుకుని రింగు తిప్పు. అత్త చెప్పింది. నేను చెయ్యి పెట్టను."

నిజంగానే రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. వాడు తిప్పాడు. మెల్లగా, మరీ మెల్లగా. డేగకి చేతులు దురద పెట్టాయి. అయినా ఓపిక పట్టింది.

"గేటు మీద చీమ కనిపిస్తోంది," అన్నాడు చివరికి. గొంతులో కాస్త ప్రాణం వచ్చింది.

పిట్ట కోసం చాలాసేపు కాచుకున్నారు. కవలలకి ఆవులింతలు వచ్చాయి. అప్పుడు చెవులపిల్లి తల వంచి వేలు చూపించాడు. అందరూ వాడి వెనకే పిల్లి అడుగులు వేసుకుంటూ వెళ్లారు. టకటకటకటక!

వాడు బైనాక్యులర్ పైకెత్తాడు. ఊపిరి బిగబట్టాడు. నోరు దానంతటదే తెరుచుకుంది.

"తల ఎర్రగా ఉంది," అన్నాడు. "ఒంటి మీద నలుపూ తెలుపూ. డేగా, దానికి మీసం ఉంది! ముక్కు పక్క నుంచి నల్లగా!"

మీసమా? డేగకి తెలియలేదే! ఎర్ర తల చూసిన సంబరంలో ఇంకేమీ చూడనే లేదు.

"ఇదిగో, నువ్వూ చూడు," అని వాడు బైనాక్యులర్ ఇచ్చాడు. డేగ కళ్లకి పెట్టుకుంది. మసక. అలవాటుగా వేలు రింగు మీదకి వెళ్లింది. అక్కడే ఆగిపోయింది. ఇప్పుడు తిప్పితే వీడు మళ్లీ మొదటి నుంచి సరిచేసుకోవాలి. పిట్ట అంతసేపు ఉంటుందా?

బైనాక్యులర్ తీసి, రింగు కదలకుండా జాగ్రత్తగా వాడి చేతిలో పెట్టేసింది.

"నువ్వే చూడు. ఏం చేస్తోందో నాకు చెప్పు."

వాడు చెప్పడం మొదలుపెట్టాడు. తోక చెట్టుకి ఆనించి నిలబడిందట. బెరడు పీకి పారేస్తోందట. ఏదో పురుగుని లాగుతోందట. వాడు ఒక్కరోజులో అన్ని మాటలు మాట్లాడటం ఎవరూ వినలేదు. డేగ "తర్వాత? తర్వాత?" అంటూనే ఉంది.

"అయ్యబాబోయ్! ఇంకోటి! రెండున్నాయి!" అని చెవులపిల్లి గొంతు చించుకుని అరిచాడు.

అంతే, రెండు పిట్టలూ తుర్రుమన్నాయి. వాడు నోరు మూసుకుని బిక్కమొహం వేశాడు. డేగ మాత్రం పొట్ట పట్టుకుని నవ్వుతూ, వాడి భుజం మీద చెయ్యి వేసి, "రెండోదానికి కూడా మీసం ఉందా?" అని అడిగింది.