నీళ్లు పెట్టకూడని సాళ్లు

పొద్దున్నే మూడో సాలు ఏడ్చింది. సుంకమ్మ చేతిలోని సంగటి ముద్ద పళ్లెంలో పడేసి కొట్టంలోంచి పరుగున వచ్చింది.

"వస్తాండా, ఉండండమ్మా!"

అలవాటు కొద్దీ వాల్వు మీద చెయ్యి వేసి, మళ్లీ వెనక్కి తీసుకుంది. ఆ నాలుగు సాళ్లకు నీళ్లు పెట్టకూడదు.

కొర్ర వేళ్లకు దాహమైతే పసిబిడ్డ గొంతుతో చెప్పే యంత్రం పేరు దాహవాణి. గంట మోగిస్తే రైతు పట్టించుకోడని దానికి ఆ గొంతు పెట్టారు. పెట్టినవాళ్లెవరో గానీ గట్టివాళ్లే! ఏ సాలు ముందు ఏడిస్తే దానికే ముందుగా కాలువ నీళ్లు. వానలు ముఖం చాటేసిన ఆ రోజుల్లో పల్లెలు నిలబడింది దానివల్లే.

కొద్దిరోజుల కిందట విత్తన కేంద్రం నుంచి వచ్చిన పర్వీన్‌కు మాత్రం ఒకటి అంతుపట్టలేదు. వారాల తరబడి ఎండకు ఓర్చుకునే కొర్ర ఇక్కడ రెండు రోజులకే ఎందుకు ఏడుస్తోంది?

"సుంకమ్మక్కా, విత్తనానికి ఏ కంకులు తీసిపెడతారు?"

"ముందు ఏడ్చే సాల్లోవి తల్లీ. వాటికే కదా నీళ్లు ముందొచ్చేది! ఊరంతా అంతే."

పర్వీన్‌కు అప్పుడర్థమైంది. ఓర్చుకునే మొక్కల్ని ఏటేటా కొర్రన్నం వండుకు తినేసి, ఓర్వలేనివాటినే విత్తుకుంటూ వచ్చారు.

వచ్చే ఏడు కాలువకు నీళ్లు రావు. ఓర్చుకునే మొక్కలు ఇంకా ఎక్కడైనా మిగిలుంటే వాటి గింజలే ఊరికి కూడు. అవేవో తెలియాలంటే నాలుగు సాళ్లను ఎండగట్టాలి. గుండె దిటవు గల మనిషని ఆ పని పర్వీన్ సుంకమ్మకు అప్పగించింది.

"చచ్చేవాటిని చావనియ్యక్కా. మిగిలినవే మనకు దిక్కు."

"ఆ గొంతైనా తీసెయ్యగూడదా?"

"ఏ మొక్క ఎంత ఓర్చిందో మనకు తెలిసేది ఆ ఏడుపుతోనే."

నెల తర్వాత పర్వీన్ వచ్చేసరికి నాలుగు సాళ్లూ పచ్చగా ఉన్నాయి. ఆమె సంతోషం పట్టలేకపోయింది.

"ఒక్కటీ చావలేదక్కా! అన్నీ ఓర్చుకున్నాయి!"

సుంకమ్మ తలెత్తలేదు. ఆమె పెదవులు పగిలి ఉన్నాయి. కొట్టంలో తాగేనీళ్ల బిందె ఖాళీగా పడి ఉంది.

"నా వంతు నీళ్లు తల్లీ. గొంతు తడుపుకుని, తక్కినవి వాటికి పోసినా."

పర్వీన్ అక్కడే గట్టు మీద కూలబడింది. "వచ్చే ఏడు ఊరంతా ఏం తినాలక్కా?"

"తెలుసు. తెలిసే పోసినా. పసిబిడ్డలు ఏడుస్తాంటే చూస్తా ఎట్ల కూసుందును?"

పర్వీన్‌కు కోపం పొంగుకొచ్చింది. ఆమె ఏదో అనబోయేంతలో మొదటి సాలు ఏడుపందుకుంది. సన్నగా మొదలై, ఎక్కిళ్లు పెట్టింది.

పర్వీన్ చెయ్యి సంచిలోని తన నీళ్ల సీసా మీదికి పోయింది.