రత్నమణి ఒప్పుకోని కుట్టుమిషను

"ఈ మిషను తీసుకుపోండి," అంది రత్నమణి. అలా వెనక్కి పంపటం అది రెండోసారి.

నాకు ఒళ్ళు మండింది. జగ్గయ్యపేట నుంచి బస్సు టాపు మీద కట్టి తెచ్చిన కుట్టుమిషను అది. మా కుట్టుమిషన్ల షాపు ఓనరు భవానీప్రసాద్‌గారు ముందే చెప్పారు: "ప్రేమానందం, మూడోసారి గనక వాపసొస్తే, నువ్వు కూడా ఇంక షాపుకి రానక్కర్లేదు."

ఇది అరవై రెండు నాటి మాట. నందిగామలో ఆడపిల్లలకి కుట్టు నేర్పే స్కూలు, అందులో ఆవిడ టీచరు.

"తప్పేంటో చెప్పండి, బాగుచేస్తా," అన్నా.

"మీరు దేని మీద కుట్టి చూసారు?"

"కొత్త పాప్లిన్ మీదండి."

"ఎవరు తొక్కారు?"

"నేనే."

"మా పిల్లలు మీలాగే తొక్కుతారా?"

"చెప్పేస్తే అయిపోద్ది గదండీ," అని గొణిగా.

"చెప్తే ఇదొక్కటే బాగుపడుద్ది. రేపు ఇంకోటి తెస్తారు. అప్పుడూ నేనే చెప్పాలా? కూర్చుని చూడండి."

కూర్చున్నా. కొత్తగా చేరిన కమలాకుమారి ఆగి ఆగి తొక్కింది. ఆగి మొదలెట్టినప్పుడల్లా బెల్టు జారి, దారం పుటుక్కున తెగింది. నేను మొదలెడితే చివరిదాకా ఆపను. అందుకే బెల్టు వదులని నాకు తెలీలేదు. సిగ్గేసింది.

"ఇప్పుడు నన్నేమన్నా అడగాలా?" అంది రత్నమణి. నవ్వు దాచుకోవటం ఆవిడకి రాదు.

పిల్లలు ఏం గుడ్డలు తెస్తారని అడిగా. పాత చీరలు, నాన్నల ఖాకీ లాగులు అంది.

బాగుచేసుకొస్తానని మిషను షాపుకి తీసుకుపోయా. తర్వాత మూడు శనివారాలు నేర్చుకోటానికి వెళ్ళా. స్కూలు పాత మిషన్లో ఎక్కడో ఒక స్క్రూ వదులు చేసి పెట్టేది, నేను కనిపెట్టాలి. కనిపెడితే "ఎలా తెలిసింది?" అనేది. "ఏదో తోచిందండి" అంటే మళ్ళీ మొదటికే. మిషను మీద ఉండాల్సిన నా చూపు ఆవిడ మీదకి పోతుండేది. అదీ కనిపెట్టేసేది. వాన పట్టుకుని తిరుగు బస్సు లేటయితే నాకు పండగే.

నాలుగో శనివారం మా మిషను తెచ్చివ్వాలి. ఖాళీ చేతుల్తో వెళ్ళా.

"మిషనేదండీ?"

"తేలేదండి. ఖాకీ మడత దగ్గర ఒక్కో కుట్టు పడట్లేదు. ఎందుకో ఇంకా దొరకలేదు. ఆవిడ అంత చూడదులే, ఇచ్చిరా అన్నారు ఓనరు. నేను ఇవ్వనన్నా."

"మరి ఉద్యోగం?"

"పోయినట్టేనండి."

ఆవిడ కాగితం తీసి మా ఓనరుకి రాసింది: ప్రేమానందంగారు చూసి సరేనన్న మిషన్లే మా స్కూలు కొంటుంది, ఎన్నాళ్ళయినా ఆగుతాం అని. చదివి, మడిచి జేబులో పెట్టుకున్నా.

"ఇంకో మాటండి," అన్నా. "మీరంటే నాకు చాలా ఇష్టం."

ఆవిడ తల వంచుకుంది. "ఆ మాట మా నాన్నతో అనండి. కీసరలో శాంతయ్య మేస్టారంటే చెప్తారు. ఆదివారం చర్చి అయ్యాక రండి. నాకీ ప్రశ్నలడగటం నేర్పింది ఆయనే."

"జవాబు రాకపోతే?" అన్నా.

"ఏం చేస్తారు?"

"తెలీదనే చెప్తానండి."

"అయితే రండి," అంది. "నేను పక్కనే ఉంటా."